రెండు జాడీల సత్తవ్వ

భూమి కడుపులోంచి బొగ్గును తీసింది కంపెనీ అయితే కావచ్చు, బెల్లంపల్లిని తీసింది మాత్రం మా బాపమ్మ. ఈ ఊళ్ళో పాతికేండ్ల లోపు మనిషి ఎవరెదురొచ్చినా సరే, తర్వాత ఏ బాయిలోకి దిగినా సరే, మొదటిసారి వెలుతురు చూసింది ఆమె చేతుల్లోనే. బ్రహ్మదేవుడు నొసటి రాత రాద్దామని వచ్చినా, మా బాపమ్మ చేతులు కడుక్కొని లేచేదాక గడప అవతల నిలబడి ఉండేవాడని నేను ఏ గుడిలోనైనా ప్రమాణం చేస్త. ఈ మాట ఆమె ముందర అంటే చీపురుకట్ట లేస్తది. అందుకే కాగితం మీద అంటున్న.

బాపమ్మ పేరు సత్తవ్వ. మా బాపును కన్నతల్లి. మా తాత గట్టయ్య బొగ్గుబాయిలో టబ్బుల్లోకి బొగ్గు ఎత్తి నింపే పని చేసేటోడు. కంపెనీ ఇచ్చిన రెండర్రల క్వార్టర్లో వాళ్ళ కాపురం. బాపమ్మ అంత ఎత్తు మనిషి కాదు. గొంతు మాత్రం బాయి సైరన్‌కు పోటీ. ఇన్ని కాన్పులు చేసిన ఆ చేతులు గోడ మీద బల్లి కనబడితే వణుకుతయ్. "దాని మొఖం మంచిగుండదు" అంటది. మంచిగున్న మొఖంతో ఏ పిల్ల పుట్టింది, నేనైతే చూడలే.

ఆమె చదువుకోలేదు. నేను ఏడో తరగతి రెండేండ్లు చదివి బడికి నమస్కారం పెట్టిన. కాబట్టి మా ఇంట్లో చదువు సంగతి నన్నే అడుగుతరు. కానీ లెక్క సంగతి వస్తే బాపమ్మనే. ఆమె లెక్క వంటింటి గూట్లో ఉండేది. రెండు ఊరగాయ జాడీల్లో.

వాటి కథ అరవై తొమ్మిదిలో మొదలైంది. ఆ ఏడు తెలంగాణ కోసం లొల్లి జరుగుతున్నది. బడులు బంద్, బస్సులు బంద్. మా బాపమ్మ అత్త మంత్రసాని. ఆమె చుట్టాల ఊరికి పోయి బస్సు లేక అక్కడే చిక్కుకుపోయింది. సరిగ్గా అప్పుడే పక్క క్వార్టర్ ఎల్లక్కకు నొప్పులు మొదలైనయ్. అత్త వెనుక దీపం పట్టుకొని నిలబడ్డ అనుభవం తప్ప బాపమ్మకు ఏమీ లేదు. అయినా కొంగు నడుముకు చెక్కి లోపలికి పోయింది. పొద్దుగూకే యాళ్ళకు కొడుకు పుట్టిండు. వానికి మల్లన్న అని పేరు పెట్టిన్రు. ఇంటికొచ్చి, సంబురం ఎట్ల దాచుకోవాల్నో తెలియక, ఒక చింతగింజను ఖాళీ జాడీలో వేసింది. ఆ తర్వాత కాన్పుకొక గింజ. నేను కూడా ఆ జాడీలో ఒక గింజనే.

కొన్నేండ్లకు కొమురెల్లి అనేటాయన సైకిల్ మీద సూదుల సంచితో వచ్చిండు. ఎక్కడనో కంపౌండర్‌గా పని చేసిండట. వారానికి నాలుగు రోజులు బెల్లంపల్లిలో, మూడు రోజులు ఆసిఫాబాద్ దిక్కు పల్లెల్లో తిరిగేటోడు. నొప్పులు జల్ది రావడానికి ఆయన దగ్గర ఒక సూది ఉండేది. అది పొడిస్తే రెండు గంటల పని అరగంటలో అయితదని పేరు. ఇగ క్వార్టర్లలో ఎవరింట్లో కాన్పైనా "సూది ఇప్పిచ్చిన్రా?" అని అడుగుడు. ఇప్పియ్యకపోతే పెండ్లికి బ్యాండు పెట్టనట్టు చిన్నతనం. బాపమ్మ కూడా పిలిచేది. ఆమె కూడా అందరిలాంటిదే అప్పటికి.

డెబ్బై మూడులో ఒక కాన్పుకు సూది పొడిచినంక నొప్పులు ఆగకుండా మీద మీద పడినయ్. ఊపిరి తీసుకునే సందు లేదు. బిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. బాపమ్మ ఊదింది, తట్టింది, అరికాళ్ళు రుద్దింది. ఏడవనే లేదు.

ఆ తెల్లారి ఆమె రెండో జాడీ కొన్నది. అప్పటిదాక అయినవి కూడా యాది చేసుకొని, సూది పడ్డ కాన్పులన్నీ అందులోకి, సూది లేనివి పాతదాంట్లోకి. తల్లీబిడ్డా మంచిగుంటే చింతగింజ. తల్లికి రక్తం ఎక్కువ పోయినా, బిడ్డ తిప్పలు పడ్డా ఎర్రటి గురిగింజ. రెండేండ్లు అట్ల వేసి, ఒక ఆదివారం తాతను కూర్చోబెట్టి లెక్కపెట్టించింది. సూది జాడీలో నలభై ఒకటి. అందులో తొమ్మిది ఎర్రవి. సూది లేని జాడీలో గింజలు ఇంకా ఎక్కువ, ఎర్రవి రెండే.

"ఇగ కొమురెల్లి మన గడప తొక్కద్దు" అన్నది. అంతే. ఊరంతా ముసలి చాదస్తం అన్నది. అప్పటికి ఆమెకు నలభై కూడా లేవు.

ఇగ అసలు సంగతికి వస్త. ఎనభై రెండో సంవత్సరం. మా వరుసలోనే హనుమండ్లు అనే కార్మికుడు, ఆయన భార్య అనసూర్య ఉండేటోళ్ళు. అనసూర్యది హుస్నాబాద్ దిక్కు. మొదటి కాన్పు పుట్టింటి దిక్కు ఏదో దవాఖానలో అయింది. ఇనుప బల్ల మీద వెల్లకిల పండబెట్టి, కాళ్ళు పైకి కట్టి, సూది పొడిచి, కోత పెట్టి తీసిన్రట. అనసూర్య తల్లిని తలుపు బయటనే ఆపిన్రు. రెండు నెలలు సరిగ్గ కూర్చోలేకపోయింది. రెండోసారి ఏడో నెల పడంగనే చెప్పేసింది.

"అత్తా, నేను దవాఖానకు పోను. సచ్చినా బతికినా ఇంట్లనే. నువ్వే చేయాలె."

బాపమ్మ ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది. లోపల తెల్లగా ఉంది. గోళ్ళు చూసింది. అవీ తెల్లగానే.

"నీ ఒంట్ల రక్తం లేదే బిడ్డా. కాన్పు మంచిగనే అయితది. అయినంక జర ఎక్కువ రక్తం పోతే నా తోని కాదు. దవాఖాననే మంచిది."

"ఆ బల్ల నేనెక్క."

"నేను పక్కనుంటే?"

అనసూర్య ఆమె చెయ్యి పట్టుకున్నది. "నువ్వు చెయ్యి ఇడువకుంటే వస్త" అన్నది.

బాపమ్మ మాట ఇచ్చేసింది. ఇచ్చినంక గుర్తొచ్చింది, దవాఖానలోకి మంత్రసానులను రానియ్యరని.

రైలుకట్ట అవతల అప్పుడు ఎనిమిది మంచాల కాన్పుల దవాఖాన ఒకటి ఉండేది. కొత్తగా డాక్టరమ్మ వచ్చింది. పేరు ఇందిరాదేవి. కరీంనగర్ దొరల ఇంటి ఆడబిడ్డ. బాపమ్మ ఉతికిన చీర కట్టుకొని పోయి అడిగింది. డాక్టరమ్మ తలెత్తకుండానే వద్దన్నది.

"మీరు పెట్టించిన సూదులతో గర్భసంచి పగిలి వచ్చినోళ్ళను ఇద్దరిని చూసిన సత్తవ్వా. మిమ్మల్ని లోపలికి రానిస్తే నన్ను నేను క్షమించుకోలేను."

"నేను బంద్ చేసి ఏడేండ్లాయె."

"ఎందుకు బంద్ చేసినవ్?"

"లెక్క చూసిన."

అప్పుడు డాక్టరమ్మ తలెత్తింది. బాపమ్మ జాడీల సంగతి చెప్పింది. ఆమె కలం మూసి పక్కన పెట్టింది. "కష్టమైన కాన్పులకే సూది వేయించి ఉంటవ్ గదా? అవి ఎట్లయినా కష్టమే అయితయ్. తప్పు సూదిదని ఎట్ల చెప్తవ్?"

"కష్టం చూసి ఎవలు పిలిచిన్రు డాక్టరమ్మా! కొమురెల్లి ఊళ్ళుంటే పిలిచిన్రు, లేకుంటే లేదు. ఆడు ఆసిఫాబాద్ దిక్కు పోయిననాడు పుట్టినోళ్ళు ఒక జాడీల, ఉన్ననాడు పుట్టినోళ్ళు ఇంకో జాడీల. కడుపుకు ఏం ఎరుక ఆడు ఏ ఊళ్ళున్నడో?"

డాక్టరమ్మ కుర్చీ జరుపుకొని లేచింది. "రేపు పొద్దున నేనే వస్త. చూపించు" అన్నది.

బాపమ్మ గెలిచినట్టే ఇంటికొచ్చింది. వస్తే ఇంట్లో తాత, బాయిలో ఆయనతో కలిసి పని చేసే జోడీ రాజలింగు చాప పరిచి పచ్చీసు ఆడుతున్నరు. ఒకరి కాయలు చింతగింజలు, ఇంకొకరి కాయలు గురిగింజలు. నున్నటి గింజల కోసం రెండు జాడీలూ చాప మీద కుమ్మరించి ఏరుకున్నరు. మిగిలినవన్నీ దోసిళ్ళతో ఎత్తి ఒకే జాడీలో పోసిన్రు. తొమ్మిదేండ్ల నుంచి విడివిడిగా దాచిన లెక్కను మా తాత ఒక ఆటలో ఓడగొట్టిండు. ఆ ఆటలో కూడా ఆయన ఓడిపోయిండనేది వేరే సంగతి.

బాపమ్మ తిట్టలేదు. తాతకు అదే భయమైందట. తిడితే అన్నం దొరుకుతది, తిట్టకపోతే ఏం దొరుకుతదో తెలియదు. రాజలింగు చెప్పులు చేతిలో పట్టుకొని జారుకున్నడు.

"ఏమైతదే ఇప్పుడు," అన్నడు తాత మెల్లగా, "లెక్క నీకు యాదికే ఉంటది. నలభై ఒకటి అండ్ల పోద్దాం, మిగిలినయ్ ఇండ్ల. ఎర్రయన్నీ సూది జాడీల ఏస్తే ఇంక మంచిది. ఎవలికి ఎరుక?"

"నాకు ఎరుక" అన్నది బాపమ్మ.

తెల్లారి నల్లా దగ్గరికి నీళ్ళకు పోయినప్పుడు బిందె కింద పెట్టి, తన సైరన్ గొంతుతో చెప్పింది. తన చేతుల మీద కన్న ప్రతి ఆడమనిషీ పది గంటలకు తన ఇంటి ముందరికి రావాలని, ఎవరి కాన్పు సంగతి వాళ్ళే చెప్పి ఎవరి గింజ వాళ్ళే వేయాలని. "నా మొఖం చూసి ఏయకున్రి. అయింది అయినట్టు ఏయిన్రి."

వచ్చిన్రు. మొగోళ్ళు మొదటి షిఫ్టుకు పోయిన్రు కాబట్టి వరుస మొత్తం ఆడోళ్ళే. చంకన పిల్లలు, చేతిలో చాటలు, బియ్యం ఏరుకుంటనే వచ్చిన్రు కొందరు. డాక్టరమ్మ మా అరుగు మీద కుర్చీ వేసుకొని కూర్చున్నది. రెండు జాడీలు ముందర పెట్టిన్రు. మధ్యలో చాటలో గింజల కుప్ప. ఊరు విడిచి పోయినోళ్ళ గింజలు బాపమ్మ వేసింది, అది కూడా ఇద్దరు పక్కోళ్ళు అవునంటేనే.

డాక్టరమ్మ మొదట నోటుబుక్కులో గీతలు పెడుతూ ఊరుకున్నది. తర్వాత అడుగుడు మొదలుపెట్టింది. ఎట్ల కన్నవ్, ఎవరున్నరు, ఎంతసేపు. ఒకామె వాసానికి కట్టిన చీర పట్టుకొని గొంతుక్కూర్చొని కన్నదట. ఇంకొకామె నొప్పి వచ్చినప్పుడల్లా సత్తవ్వ మెడ పట్టుకొని ఇంట్లనే ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగిందట. "నా మెడ ఇప్పటికీ ఎడమ దిక్కే పోతది" అన్నది బాపమ్మ. అందరూ నవ్విన్రు. కోత పడిందా అంటే ఎవరికీ పడలేదు. కొద్దిమందికి చిరిగింది, మానింది.

అప్పుడు ఎల్లక్క వచ్చింది. మొదటి గింజ. బాపమ్మ మొఖం వెలిగింది. ఎల్లక్క కుప్పలోంచి ఒక గురిగింజ ఏరి, సూది లేని జాడీలో వేసింది.

"అదేందే ఎల్లీ! ఎర్రది ఎందుకేసినవ్? నీ కొడుకు మంచిగ ఏడ్చిండు, నీకు రక్తం పోలే."

"కొడుకు మంచిగనే ఉన్నడు వదినె. పొద్దటి సంది పొద్దుగూకే దాక నాకు సుక్క నీళ్ళియ్యలే నువ్వు. నాలుక పిడుచ కట్టింది. ఆ నాడు వాన పడి గోడ తడిసింది. నువ్వు అటు మర్లినప్పుడు గోడకు పెదవులు ఆనిచ్చిన."

బాపమ్మ ఎల్లక్క దగ్గరికి జరిగింది.

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఎన్నడు అడిగినవ్?"

నొప్పుల్లో నీళ్ళు తాగితే బిడ్డ మునుగుతదని బాపమ్మ అత్త చెప్పింది. ఆమె అత్త ఆమెకు చెప్పింది. బాపమ్మ దాన్ని ఎన్నడూ జాడీలో వేసి చూడలేదు. ఎల్లక్క తర్వాత ఇంకో పది మంది నీళ్ళ కోసం ఎర్రగింజ వేసిన్రు. కొందరు తలొంచుకొని, కొందరు "ఏమనుకోకు అత్తా" అని. బాపమ్మ ఒక్కదాన్ని కూడా తీసి పారేయలే.

డాక్టరమ్మ లెక్క చూసింది. సూది లేని జాడీలో నూట పద్దెనిమిది గింజలు. బిడ్డకో తల్లికో ఆపద వచ్చినవి, పాత రెండు కలుపుకొని, నాలుగు, దాహానివి పదకొండు. సూది జాడీలో తొమ్మిది ఎర్రవి అట్లనే ఉన్నయ్. కానీ ఆమె వేలు దాహం గీతల మీదనే ఆగింది.

"మా దగ్గర కూడా నీళ్ళియ్యం సత్తవ్వా" అన్నది. "ఆపరేషన్ చేయాల్సి వస్తే కష్టమని మాకు చెప్పిన్రు. ఎవరికో ఒకరికి వచ్చే ఆపరేషన్ కోసం అందరి గొంతులు ఎండబెట్టుడు ఎందుకని నేనూ ఎన్నడూ అడగలే."

చివరికి అనసూర్య లేచింది. కడుపు చేత పట్టుకొని వచ్చి ఒక గురిగింజ తీసుకున్నది. రెండు జాడీలను చూసింది. ఆమె మొదటి కాన్పు బాపమ్మ చేసింది కాదు, రెండింట్లోనూ పట్టదు.

"నాది ఎండ్ల ఏయాలె?"

డాక్టరమ్మ చెయ్యి చాపింది. "నా చేతిల వెయ్యమ్మా."

అనసూర్య వేసింది. అది ఆ డాక్టరమ్మ చేసిన కాన్పు కాదు, ఆ దవాఖాన కూడా కాదు. అయినా ఆమె పిడికిలి మూసి, "నొప్పులు రాంగనే ఇద్దరూ కలిసి రండి" అని లేచింది. పోతూ పోతూ వెనుకకు తిరిగి, "సత్తవ్వా, గాజులు తీసి రావాలె. మోచేతుల దాక సబ్బుతో కడగాలె. కడుపు మీద వొత్తుడు బంద్" అన్నది.

"మీరు కత్తెర జేబుల పెట్టుకొని నిలబడుడు బంద్" అన్నది బాపమ్మ.

శ్రావణంలో ఒకనాడు పొద్దున, మొదటి షిఫ్టు సైరన్ అయినంక అనసూర్యకు నొప్పులు మొదలైనయ్. వాన తుంపర. హనుమండ్లు రిక్షా తెచ్చిండు. బాపమ్మ ముప్పై ఏండ్ల సంది కదలని గాజులను సబ్బు పెట్టి గుంజి తీసింది. దవాఖానలో, కాన్పుకు ముందు కడుపు కడిగే ఎనిమా డబ్బా గోడకు వేలాడుతున్నది. డాక్టరమ్మ దాన్ని తాకలేదు. అనసూర్య బల్ల ఎక్కలేదు. వరండాలో తిరిగింది. కిటికీ ఊచలు పట్టుకొని వంగింది. బాపమ్మ నడుము రాస్తూ ఉన్నది. మధ్య మధ్యలో ఇత్తడి చెంబుతో నీళ్ళు, పల్చటి జొన్న జావ. అనసూర్య వద్దన్నా, "ఒక్క గుక్క బిడ్డా, నా కోసం" అనేది. ఎంత తాగించిందంటే డాక్టరమ్మ నవ్వి, "నూట పద్దెనిమిది మంది నీళ్ళు ఈమె ఒక్కదానికే తాగిస్తున్నవ్" అన్నది.

గంటకోసారి ఆమె చెవి గొట్టం పెట్టి బిడ్డ గుండె విన్నది. మంచిగుంటే తలూపేది. ఒకసారి గడియారం చూసి సూదుల అలమారి దిక్కు రెండడుగులు వేసిందట. బాపమ్మ చూసింది అంతే. డాక్టరమ్మ మళ్ళీ బిడ్డ గుండె విని, వెనుకకు వచ్చి కూర్చున్నది. కొంతసేపటికి బాపమ్మ చేతులు అలవాటు కొద్దీ కడుపు మీదికి పోయినయ్. ఈసారి డాక్టరమ్మ చూసింది. బాపమ్మ చేతులు చంకల్లో దాచుకున్నది. ఇద్దరూ ఒకరికొకరు కాపలా.

రెండో షిఫ్టు సైరన్ మోగుతుంటే అనసూర్య మోకాళ్ళ మీద కూర్చొని, బాపమ్మ చెయ్యి పట్టుకొనే బిడ్డను కన్నది. ఆడపిల్ల. సైరన్ కంటే ముందే ఏడుపు అందుకున్నది. కోత లేదు. బిడ్డను తుడిచి తల్లి రొమ్ము మీదనే పెట్టిన్రు. బొడ్డుపేగు కొట్టుకునుడు ఆగేదాక కోయలేదు.

అప్పుడు డాక్టరమ్మ సూది తీసింది.

"ఏందది!" బాపమ్మ లేచి నిలబడ్డది.

"ఇది బిడ్డ బయటికొచ్చినంక ఇచ్చేది. రక్తం పోకుండా. మందు దాదాపు కొమురెల్లిదే. యాళ్ళ వేరే."

బాపమ్మ అనసూర్య తెల్లటి గోళ్ళను చూసింది. దవాఖానకు తీసుకొచ్చింది దీని కోసమే గదా. "ఇయ్యిన్రి. దీనికి ఇంకో జాడీ పెడ్త" అన్నది. మాయ పడ్డది. రక్తం ఎక్కువ పోలేదు. బాపమ్మ రెండో చేత్తో ముర్రుపాలు పిండి పారేయబోతే డాక్టరమ్మ ఆపింది. బాపమ్మ ముక్కు చిట్లించింది గానీ, నాలుగో జాడీ అన్నది.

బిడ్డ పుట్టినప్పటి సంది అనసూర్య బాపమ్మ చెయ్యి ఇడువలేదు. ఆ తర్వాత పదేండ్లు, ఆ దవాఖాన ఉన్నన్ని రోజులు, బాపమ్మ కుర్చీ ఒకటి లోపల ఉండేది. పక్కన ఇత్తడి చెంబు. బాపమ్మ గూట్లో ఇప్పుడు ఏడు జాడీలున్నయ్. మామిడికాయ పచ్చడి పెట్టేటందుకు మా ఇంట్లో ఒక్క జాడీ లేదు.

ఇదంతా రాసి, పోయిన ఆదివారం ఆమెకు చదివి వినిపించిన. బెల్లంపల్లిని తీసింది నువ్వే అన్న చోట గొంతు పెంచి మరీ చదివిన. బ్రహ్మదేవుని సంగతికి నవ్వుతదనుకున్న. నవ్వలే. చీపురు కూడా తీయలే. చిక్కుడుకాయల పీచు తీస్తూ మొత్తం విని, ఇట్లన్నది.

"నేను ఎవల్ని తీయలే పోరీ. వాళ్ళ అవ్వలు కన్నరు, నేను పక్కన కూసున్న. ఆ మొదటి ముచ్చట కొట్టేసి, పదకొండు మందికి నీళ్ళియ్యలేదని అక్కడ రాయి."